వైనుకి తోడు పెట్టడం: బార్బెరా బ్యాచ్ మాలోలాక్టిక్ డైరీ

పాలు తోడుకోవాలంటే తోడు కావాలి. ఎర్ర వైనుకీ అంతే, కాకపోతే రెండుసార్లు. మొదట ఈస్టు చక్కెరని ఆల్కహాలు చేస్తుంది. తర్వాత బ్యాక్టీరియా, ముఖ్యంగా ఈనోకాకస్ ఈనీ, పచ్చి మామిడికాయలా పళ్ళు పులిసేట్టు చేసే మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. దీన్నే మాలోలాక్టిక్ అంటారు. ఈ రెండో తోడు ఎప్పుడు పెట్టాలి, పెట్టకపోతే ఏమవుతుంది అన్నది పక్కపక్కనే పెట్టి చూడటమే ఈ ప్రాజెక్టు.

సరుకు: కాలిఫోర్నియాలోని అమడోర్ కౌంటీ బార్బెరా ద్రాక్ష, 11 పెట్టెలు. పెట్టె 36 పౌన్లు, అంటే 16.3 కిలోలు. బార్బెరానే ఎందుకంటే ఎండ ప్రాంతంలో పండినా పులుపు నిలుపుకునే రకం ఇది. వేడికి ద్రాక్షపండులోని మాలిక్ ఖర్చయిపోతుంది, ద్రాక్షలోనే ఉండే ఇంకో ఆమ్లం, టార్టారిక్, అంతగా తగ్గదు. అందుకే బాగా ఎండకాసే చోట పండిన చాలా రకాల్లో బ్యాక్టీరియాకి పని తక్కువ.

ఇంటి వాడకానికి వైను చేసుకోవడానికి అమెరికా ఫెడరల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు.

ఏర్పాటు:
ఒకటో నంబరు: 5 పెట్టెలు, ఈస్టు వేసిన మర్నాడే బ్యాక్టీరియా. చివరికి 54 లీటర్ల డెమీజాన్ (సన్నమెడ పెద్ద గాజు జాడీ).
రెండో నంబరు: 6 పెట్టెలు, ఈస్టు పని పూర్తయ్యాక బ్యాక్టీరియా. ఇదీ 54 లీటర్ల డెమీజాన్.
మూడో నంబరు: రెండో తొట్టి నుంచే తీసిన 11 లీటర్ల బుడ్డి. బ్యాక్టీరియా వెయ్యం. దానంతట అదే తోడుకుంటుందేమో చూస్తాం.

రోజు 0

కాడలు తీసి, పళ్ళు చిదిపి రెండు ఫుడ్‌గ్రేడ్ తొట్లలో పోశాం. ఒకటో తొట్టిలో సుమారు 75 లీటర్లు, రెండో దాంట్లో 90. కొలతలు: చక్కెర 24 బ్రిక్స్ (బరువులో దాదాపు 24 శాతం), పీహెచ్ 3.30, మొత్తం పులుపు లీటరుకి 8.2 గ్రాములు, అందులో మాలిక్ 2.6. మాలిక్ మాత్రం ల్యాబులో ఎంజైమ్ పద్ధతిలో తీయించిన అంకె.

పొటాషియం మెటాబైసల్ఫైట్ ఒకటో తొట్టికి 3.9 గ్రాములు, రెండో దానికి 4.7. ఈ పొడి బరువులో 57.6 శాతమే సల్ఫర్ డయాక్సైడ్. ఆ లెక్కన రెండింట్లోనూ 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) పడింది. ఇక్కడ చెయ్యి జారితే తర్వాత చెయ్యగలిగింది ఏమీ లేదు. ద్రాక్ష తొక్కల మీద వచ్చే అడవి బ్యాక్టీరియాని అణచడానికి 30 చాలు. 80, 100 దాకా వేస్తే మనం వేసే బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఈస్టు చేసే పదార్థాలతో కట్టుబడిపోయిన సల్ఫైటు కూడా బ్యాక్టీరియాని ఇబ్బంది పెడుతుంది కాబట్టి, "ఫ్రీ (కట్టుబడకుండా మిగిలింది) సున్నా చూపిస్తోంది కదా" అని ధీమా పడొద్దు. చూడాల్సింది రెండూ కలిపిన టోటల్ అంకె.

రోజు 1

ఈస్టు డి254, రెండు తొట్లకీ కలిపి 41 గ్రాములు. లీటరు నీళ్ళు 43 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేసి ఈస్టుకి పోషకమైన గో-ఫెర్మ్ 50 గ్రాములు కలిపి, 40కి దిగాక ఈస్టు చల్లాం. ఇరవై నిమిషాలు ఆగాలి. తొట్లలో రసం 18 డిగ్రీల దగ్గరుంది. 38 డిగ్రీల ఈస్టుని నేరుగా అందులో పోస్తే చలిదెబ్బ తగులుతుంది. కొంచెం కొంచెం రసం కలుపుతూ, తేడా 10 డిగ్రీల లోపుకి వచ్చాక పోశాం.

ఈస్టు ఎంపిక బ్యాక్టీరియాకి కూడా ముఖ్యమే. కొన్ని ఈస్టులు పోషకాలన్నీ ఊడ్చేసుకుంటాయి, పైగా స్వయంగా సల్ఫర్ డయాక్సైడ్ తయారు చేస్తాయి. ఈసీ1118కి ఆ పేరుంది. మొండి ఈస్టు కదా అని దాన్ని వాడేసి, మాలోలాక్టిక్ కదలట్లేదని రెండు నెలలు గింజుకునేవాళ్ళే ఎక్కువ.

రోజు 2

ఒకటో తొట్టికి తోడు. వీపీ41 రకం పొడి, 2.5 గ్రాముల ప్యాకెట్టు. దాని మీద 250 లీటర్లకి అని ఉంటుంది. మన తొట్టి 75 లీటర్లే. అయినా ప్యాకెట్టు మొత్తం వేసేశాం. తెరిచిన పొడి గాలిలో తేమ పీల్చుకుని చచ్చిపోతుంది, దాచుకోవడం కుదరదు. ఎక్కువైతే నష్టం లేదు. పనికి ఊపు రావాలంటే మిల్లీలీటరుకి పది లక్షల కణాలు కావాలి, ఎక్కువ వేస్తే అక్కడికి తొందరగా చేరతాయి. ప్యాకెట్టు వాడేదాకా ఫ్రీజర్లో ఉండాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడేళ్ళు, మామూలు ఫ్రిజ్‌లో ఏడాదిన్నర నిలుస్తుంది.

ఇలా ఈస్టుతో పాటే వెయ్యడంలో ఒక ప్రమాదం ఉంది. ఈస్టు మధ్యలో ఆగిపోయి చక్కెర మిగిలిపోతే, ఈనోకాకస్ ఆ చక్కెరని తిని లాక్టిక్‌తో పాటు ఎసిటిక్ ఆమ్లం కూడా చేస్తుంది, అంటే వైనులో వెనిగర్ పులుపు. పీహెచ్ 3.5 దాటిన రసంలో ఈ బెడద ఎక్కువ. మనది 3.30 కాబట్టి ధైర్యం చేశాం.

రోజు 3 నుంచి 7

రోజుకి మూడుసార్లు పైకి తేలిన తొక్కల గట్టుని కిందికి పొడవడం. గట్టు మధ్యలో 29 డిగ్రీలు దాటనివ్వలేదు. ఆల్కహాలు పెరిగేకొద్దీ అదే వేడి బ్యాక్టీరియాకి విషమవుతుంది. గట్టుని ఒక పూట వదిలేస్తే పైన ఎసిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా మొదలవుతుంది. దానికి గాలి, ఆల్కహాలు రెండూ ఉంటే చాలు, వెనిగర్ తయారీ మొదలు.

నాలుగో రోజున లీటరుకి 0.25 గ్రాముల లెక్కన ఈస్టు పోషకం ఫెర్మెయిడ్-ఓ. ఇంతకుమించి రాయడానికేం లేదు.

రోజు 8

హైడ్రోమీటర్ మైనస్ 1.2 బ్రిక్స్. పిండేశాం. మిగిలిన చక్కెర లీటరుకి 2 గ్రాముల లోపు. ఒకటో దాని నుంచి 54 లీటర్లు, రెండో దాని నుంచి 65 వచ్చాయి. ఆల్కహాలు 13.8 శాతం. రెండో నంబరులో మాలిక్ 2.3కి తగ్గింది, ఈస్టే కొంత తినేసింది.

రోజు 10

అడుగున దిగిన చిక్కటి మడ్డి వదిలేసి, పైది సైఫన్ గొట్టంతో డెమీజాన్లలోకి. పల్చటి మడ్డి కొంత పోనిచ్చాం, కావాలనే. చచ్చిన ఈస్టు కణాలు కరిగి అమైనో ఆమ్లాలు, విటమిన్లు వదులుతాయి. బ్యాక్టీరియాకి అదే భోజనం. వైనుని అద్దంలా తేర్చి ఆ తర్వాత తోడు వేస్తే, పస్తుపెట్టి పొలానికి పంపినట్టే.

రెండో నంబరుకి తోడు: 60 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్ళు 25 డిగ్రీల దగ్గర, బ్యాక్టీరియాకి పోషకం ఆక్టి-ఎమ్ఎల్ 11 గ్రాములు, అందులో కొత్త ప్యాకెట్టు బ్యాక్టీరియా. పదిహేను నిమిషాలు, అంతకు మించి ఉంచకూడదు. కుళాయి నీళ్ళు వద్దు, క్లోరిన్‌కి ఇవి తట్టుకోలేవు. గొట్టం చివరని మడ్డి దాకా దించి, గాలి కలవకుండా మెల్లగా తిప్పాం.

పెరుగు తోడు ఒక చెంచా వేస్తే సరిపోదా అనే ప్రశ్న మన ఇళ్ళల్లో వస్తుంది. సరిపోదు. పెరుగులోని బ్యాక్టీరియా ఈ ఆల్కహాలుకి, ఈ పులుపుకి నిలవదు. చుట్టరికం మాత్రం ఉంది, అది ఇడ్లీ పిండితో. పిండిని పొంగించే లూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్‌కి ఈనోకాకస్ దగ్గరి బంధువు. 1995 దాకా దీని పేరు కూడా లూకోనోస్టాక్ ఈనోసే. పిండి పొంగేదీ డెమీజాన్‌లో బుడగలు లేచేదీ ఒకే వాయువుతో. ఇక్కడైతే లెక్క కూడా కట్టొచ్చు. ఒక గ్రాము మాలిక్ నుంచి 0.67 గ్రాముల లాక్టిక్, 0.33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. లీటరుకి 2.3 గ్రాముల చొప్పున 54 లీటర్లలో అంతా మారితే 41 గ్రాముల గ్యాసు, దాదాపు 22 లీటర్లు. ఎయిర్‌లాక్ (గ్యాసుని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని మూత) అడపాదడపా ఒక బుడగ వదులుతూ ఇదంతా పంపాలి. ఇదే తతంగం సీసాలో జరిగితే బిరడా కింద ఆ గ్యాసు ఇరుక్కుంటుంది. పోర్చుగల్ వాళ్ళ విన్యూ వెర్దీ అనే వైనులో ఒకప్పుడు ఉండే చిన్న బుడగలు ఇలా వచ్చినవే. అక్కడ అది ముచ్చట, మన ఎర్ర వైనులో లోపం.

రోజు 14

మొదటి పేపర్ క్రొమాటోగ్రఫీ, అంటే వైనులోని ఆమ్లాల్ని కాగితం మీద విడదీసి చూపే పరీక్ష. ఇంట్లో చేసే పరీక్షల్లో ఇంత పనికొచ్చేది, ఇంతగా తప్పుగా చదివేది ఇంకోటి లేదు. అందుకే కాస్త వివరంగా.

వాట్‌మన్ నంబర్ 1 కాగితం. అడుగు నుంచి రెండున్నర సెంటీమీటర్ల పైన పెన్సిల్‌తో గీత. పెన్ను వాడితే సిరా కూడా పైకి పాకుతుంది. గీత మీద చుక్కలు: టార్టారిక్, మాలిక్, లాక్టిక్ నమూనాలు, తర్వాత మూడు వైన్లు. ఒక్కో చోట గాజు కేశనాళికతో నాలుగుసార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి మళ్ళీ. చుక్క వెడల్పు సెంటీమీటరు దాటకూడదు, దాటితే పైకెళ్ళాక మచ్చలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచులు తాకకుండా స్టేపుల్ చేసి, వెడల్పు మూతి సీసాలో నిలబెట్టాలి. అడుగున సాల్వెంట్: బ్యూటనాల్, నీళ్ళు సమానంగా, కొంచెం ఫార్మిక్ ఆమ్లం, రంగుకి బ్రోమోక్రెసాల్ గ్రీన్. బాగా కలిపి వదిలేస్తే రెండు పొరలవుతుంది, పై పొర మాత్రమే వాడాలి. సాల్వెంట్ మట్టం పెన్సిల్ గీతకి కిందే ఉండాలి. వాసన ముక్కు బద్దలయ్యేలా ఉంటుంది, తలుపులు తీసి పెట్టుకోవాలి.

ఆరు గంటల తర్వాత తీస్తే కాగితమంతా పసుపుగా కనిపిస్తుంది. ఏదో తప్పు జరిగిందనుకుని పారేస్తారు చాలామంది. ఫార్మిక్ ఆవిరయ్యేదాకా ఒక రోజు ఆరేయాలి. అప్పుడు కాగితం నీలి ఆకుపచ్చకి తిరుగుతుంది, ఆమ్లాలున్న చోట పసుపు మచ్చలు తేలతాయి. అడుగున టార్టారిక్, సగం ఎత్తులో మాలిక్, పైన లాక్టిక్.

పైన మచ్చ కనబడగానే సంబరపడకూడదు. ఈస్టు ఎలాగూ కొంత సక్సినిక్ ఆమ్లం చేస్తుంది, అది కూడా లాక్టిక్ దగ్గరికే పాకుతుంది. బ్యాక్టీరియా అసలు వెయ్యని మూడో నంబరుకి కూడా అక్కడ లేతగా మచ్చ ఉంది. చూడాల్సింది లాక్టిక్ వచ్చిందా అని కాదు, మాలిక్ పోయిందా అని. అది కూడా లీటరుకి 0.1 గ్రాము కంటే తక్కువైతే కాగితం చెప్పలేదు.

ఇవాళ్టి ఫలితం: ఒకటో నంబరులో మాలిక్ మచ్చ కళ్ళు చిట్లించి చూస్తేనే కనబడుతోంది. రెండు, మూడింట్లో నిండుగా ఉంది.

రోజు 19

ఒకటో నంబరు పూర్తి. మాలిక్ ల్యాబు అంకె 0.04. ఈస్టు పుట్టించిన వేడిలోనే బ్యాక్టీరియా కూడా పని కానిచ్చేసింది. పులుపు 6.1, పీహెచ్ 3.50. మాలిక్ ఒక గ్రాము పోతే టార్టారిక్ లెక్కలో పులుపు 0.56 గ్రాములు తగ్గుతుంది. ఆ లెక్కన దీనివల్ల తగ్గింది 1.4 గ్రాములే, మొత్తం 2.1లో మిగతాది వేరే కారణాలతో.

సల్ఫైటు ఇప్పుడే వెయ్యలేదు. మాలిక్ అయిపోయాక ఈనోకాకస్ సిట్రిక్ ఆమ్లం మీద పడుతుంది. దాన్నుంచి డయాసిటైల్ వస్తుంది. వెన్న వాసన ఇచ్చే పదార్థం అదే, మజ్జిగలో కమ్మదనానికీ అదే కారణం. షార్డొనే అనే తెల్ల వైనులో కావాలని ఉంచుకుంటారు. బార్బెరాలో అది అడ్డం. మడ్డి మీద ఇంకో వారం పది రోజులు వదిలేస్తే ఈస్టే దాన్ని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. వెంటనే సల్ఫైటు వేస్తే డయాసిటైల్ దానితో కట్టుబడి తాత్కాలికంగా దాక్కుంటుంది, నెలల తర్వాత మళ్ళీ బయటపడుతుంది.

రోజు 24

రెండో నంబరు కదలట్లేదు. బుడగ లేదు, కాగితం మీద మాలిక్ అలాగే ఉంది. కారణం వెతకాల్సిన వరస: ఉష్ణోగ్రత, టోటల్ సల్ఫైటు, పీహెచ్, ఆల్కహాలు. మొదటి దగ్గరే దొరికింది. రాత్రుళ్ళు చలి మొదలై గ్యారేజీలో డెమీజాన్ 15.5 డిగ్రీలకి దిగింది. ఈ బ్యాక్టీరియాకి 18 నుంచి 22 కావాలి. పీహెచ్ 3.36, ఆల్కహాలు 13.8, టోటల్ 28. ఒక్కొక్కటిగా ఏదీ హద్దు దాటలేదు, కానీ ఈ ఇబ్బందులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. 22 డిగ్రీల దగ్గర లెక్కలోకి రాని ఆల్కహాలు 15 దగ్గర గోడలా నిలబడుతుంది.

మందు: డెమీజాన్ చుట్టూ 25 వాట్ల హీటింగ్ బెల్టు, సెన్సర్‌ని గాజుకి టేపుతో అంటించి దాని మీద దుప్పటి. రోజుకి రెండు డిగ్రీల చొప్పున 20.5కి తెచ్చాం. 25 దాటించకూడదు. వారానికి రెండుసార్లు మడ్డిని మెల్లగా లేపడం, నురగ రాకుండా. మళ్ళీ ప్యాకెట్టు కొనాలనిపిస్తుంది కానీ, చలి తీరకుండా కొత్త సైన్యాన్ని దింపితే అదీ చలికే పోతుంది.

రోజు 31

ఒకటో నంబరుకి సల్ఫైటు. పీహెచ్ 3.50 దగ్గర 30 పీపీఎం ఫ్రీ ఉంటే, అందులో నిజంగా సూక్ష్మజీవిని చంపే రూపం 0.6 పీపీఎం మాత్రమే. అదే 3.30 దగ్గర అయితే 19 చాలేది. మాలోలాక్టిక్ పీహెచ్ పెంచుతుంది కాబట్టి, పూర్తయిన వైనుకి సల్ఫైటు మోతాదు కూడా పెరుగుతుంది. పాత అంకె పట్టుకుని వేసేవాళ్ళ వైన్లే వేసవికి చెడేది. 54 లీటర్లకి 4.7 గ్రాములు, అంటే 50 పీపీఎం. అందులో కొంత కట్టుబడిపోగా రెండ్రోజుల తర్వాత ఫ్రీ 31 చూపించింది.

రోజు 38

రెండో నంబరు మాలిక్ 1.2. ఎయిర్‌లాక్ దగ్గర చెవి పెడితే చిటపట. గోడకి ఆనించిన టార్చి వెలుగులో సన్నటి బుడగలు మెడ చుట్టూ దండలా కడుతున్నాయి.

ఖాళీగా ఉన్నప్పుడు రాసుకోవాల్సిన మాట ఒకటి. పాశ్చర్ 1866లో వైను మీద రాసినప్పుడు బ్యాక్టీరియా అంటే జబ్బే. ఆయన చూసిన తీగసాగే వైన్లు, వెనిగరైన వైన్ల దృష్ట్యా అది తప్పేమీ కాదు. 1891లో స్విట్జర్లాండ్‌లో ముల్లర్-తుర్గావ్, పులుపు తగ్గడం వెనక కూడా బ్యాక్టీరియానే ఉందన్నాడు. దాన్ని అదుపులో పెట్టి వాడుకోవడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది. 1959లో కాలిఫోర్నియా సోనోమాలోని హాంజెల్ వైనరీలో బ్రాడ్ వెబ్ శుద్ధ కల్చరుతో తోడు పెట్టాడు. ఇవాళ ప్యాకెట్టులో వచ్చే రకాల్ని పులుపు తగ్గించడానికే కాదు, హిస్టమిన్ చెయ్యకుండా కూడా ఏరి పెడతారు. అడవి రకాల్లో, ముఖ్యంగా పీడియోకాకస్‌లో, ఆ అలవాటు ఉంది. వైను చిక్కబడి నూనెలా తీగసాగడం కూడా దాని పనే.

రోజు 52

రెండో నంబరు పూర్తి, 0.06. తోడు పెట్టిన దగ్గర్నుంచి 42 రోజులు. అందులో మొదటి పద్నాలుగు చలికే పోయాయి. వెన్న వాసన కొద్దిగా ఉంది, మడ్డి మీద ఇంకో పది రోజులు.

మూడో నంబరు: కాగితం మీద మాలిక్ నిండుగా. ఎసిటిక్ లెక్కలో వొలటైల్ ఆసిడిటీ (ఆవిరయ్యే పులుపు, అంటే వెనిగర్ పాలు) లీటరుకి 0.35 గ్రాములు.

రోజు 96

మూడో నంబరు చివరికి దానంతట అదే మొదలైంది. మాలిక్ 1.4. కానీ వొలటైల్ ఆసిడిటీ 0.62కి ఎక్కింది, మూత తీస్తే గోళ్ళరంగు వాసన లీలగా. ఎర్ర వైనుకి అమెరికాలో చట్టపరమైన హద్దు 1.4, దానికి చాలా దూరమే. అయినా ముక్కు ముందే పసిగట్టేస్తుంది. పైన బూడిదరంగు పలచటి పొర.

తప్పు బ్యాక్టీరియా వెయ్యకపోవడంలో సగమే. మిగతా సగం పరీక్షలది. ప్రతిసారీ 150, 200 మిల్లీలీటర్లు తీస్తూ పోయాం. 11 లీటర్ల బుడ్డిలో అది మెడ దిగి భుజం దాకా వచ్చింది. సల్ఫైటు లేదు, పైన గాలి ఉంది, ఎసిటోబ్యాక్టర్‌కి పందిరి వేసి పీట పరిచినట్టయింది. డెమీజాన్లలో అంతే తీసినా మెడలోనే సర్దుకుపోయింది. తీసిన ప్రతిసారీ అంతే నింపాలి. నింపడానికి వైను లేకపోతే సల్ఫైటు నీళ్ళలో కడిగిన గాజు గోళీలు వేసి మట్టం పైకి తేవాలి. చిన్న బుడ్డి నుంచి తక్కువ తియ్యాలి, కాగితానికి నిజానికి నాలుగు చుక్కలే కావాలి.

మాలిక్ ఇంకా ఉండగానే ఆపేశాం. పొరని కదపకుండా కింది నుంచి సైఫన్, 70 పీపీఎం సల్ఫైటు. అడవి బ్యాక్టీరియాని ఆపడానికి లైసోజైమ్ అనే ఎంజైమ్ వాడొచ్చు, కానీ ఎసిటోబ్యాక్టర్ మీద అది పనిచెయ్యదు, పైగా ఎర్ర వైనులో రంగుని కొంత దించేస్తుంది. కోడిగుడ్డు తెల్లసొన నుంచి తీసింది కాబట్టి గుడ్డు పడనివాళ్ళకి చెప్పాలి. చెడకుండా వేసే పొటాషియం సార్బేట్ ఈ బ్యాచ్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఈ బ్యాక్టీరియా దాన్ని తింటే నలిపిన జెరేనియం ఆకు వాసన వస్తుంది, ఆ వాసన వదిలించే దారి లేదు.

రోజు 140

సీసాల్లోకి వెళ్ళేముందు రోజు. ఒకటి: మాలిక్ 0.04, పీహెచ్ 3.51, ఫ్రీ 29. రెండు: 0.05, 3.49, 30. మూడో దాంట్లో మాలిక్ 1.3 అలాగే ఉంది. ఒక సీసాలో నింపి, బిగించి, 24 డిగ్రీల గదిలో రెండు వారాలుగా పెట్టాం. ఇవాళ తెరిస్తే బుస్సుమంది. దాన్ని సీసాల్లో పట్టట్లేదు. బుడ్డిని గాజు గోళీలతో అంచుదాకా నింపి, ఫ్రీని 40 దగ్గర పెట్టి, వంటలోకి పక్కన పెట్టాం.